తేలిక పరుగు ఎంత తేలికగా ఉండవలెను?

పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్ళు త్రాగుట మేలని మన పెద్దలు చెప్పుదురు. పరుగు పందెములకు సిద్ధపడుచున్న యువకునకు ఈ సామెత అంతగా రుచింపదు. పరుగెత్తుటయే తన పని అయినపుడు నిలబడుట యేమిటని అతడు నవ్వును. కాని దూరపు పరుగులో పేరు గాంచిన వారి అభ్యాసమును పరిశీలించినచో, ఈ సామెతలోని వివేకమే వారికి పునాది అయినదని తెలియగలదు.

2016 అక్టోబరు 11వ తేదీన ఖమ్మము నుండి విడివడి భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. ఆ జిల్లాలో పాల్వంచ మీదుగా భద్రాచలము పోవు బాట వెంబడిని, గోదావరి ఒడ్డున దుమ్ముగూడెము, చర్ల వైపు పోవు బాట వెంబడిని, తెల్లవారు సమయమున పరుగెత్తుచున్న బాలబాలికలు, యువకులు తరచుగా కానవత్తురు. కొందరు పాఠశాలల క్రీడలకు సిద్ధపడువారు. కొందరు సైన్యములోనో, పోలీసు శాఖలోనో చేరగోరువారు. తెలంగాణ రాష్ట్రమున 2022లో వెలువడిన పోలీసు కానిస్టేబుల్ నియామక ప్రకటన ప్రకారము, పురుషులు 1,600 మీటర్లను 7 నిమిషముల 15 సెకన్లలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషముల 20 సెకన్లలోను పరుగెత్తవలసి ఉండెను. ఒక పేద కుటుంబమునకు ఇట్టి పరుగు కేవలము ఆట కాదు. అది జీవనోపాధికి ద్వారము. అందువలననే మన యువకులు ప్రతిదినము ప్రాణములు ఉగ్గబట్టి పరుగెత్తుచున్నారు. చిక్కంతయు అక్కడనే ఉన్నది.

ఒక మైదానమున చూచినది

కొంతకాలము క్రిందట ఈ ప్రాంతములోని ఒక ఆశ్రమ పాఠశాల మైదానమున ఉదయము అభ్యాసమును చూచు అవకాశము మాకు కలిగినది. ఇరువదిమంది బాలురు వరుసగా నిలిచి ఈల వినబడగానే దూసుకొని పోయిరి. పది చుట్లు తిరిగి వచ్చునప్పటికి సగముమంది మోకాళ్ళపై చేతులు ఆనించి రొప్పుచుండిరి. ప్రతిదినము ఇదే వేగమా యని అడుగగా, ప్రతిదినము ఇదే వేగమనియు, వెనుకబడినవాడు సోమరియనియు జవాబు వచ్చినది.

ఆ ఇరువదిమందిలో ఎల్లప్పుడు ముందు వచ్చు బాలుడొకడు ఉండెను. కొన్ని వారముల తరువాత జరిగిన పోటీలలో అతడు పరుగెత్తలేదు. మైదానపు అంచున వేపచెట్టు నీడను కూర్చుండి చూచుచుండెను.

“ఏమి నాయనా, నీవు పరుగెత్తలేదేమి?” అని అడిగితిమి.

“కాలు నొప్పి సార్. రోజూ అందరికన్నా ముందు రావాలని ఉరికిన, అంతే” అని అతడు తల వంచుకొని చెప్పెను.

మోకాలికి దిగువ, కాలి ముందు భాగమున ఉన్న ఎముకపై సన్నని పగులు ఏర్పడినదనియు, ఆరు వారములకు తక్కువ కాకుండ విశ్రాంతి అవసరమనియు వైద్యుడు చెప్పెనట. ఆ బాలుడు సోమరి కాడు. అందరికంటె ఎక్కువ కష్టపడినవాడు. అతనికి పట్టుదల లోపింపలేదు. ఏ దినమున ఎంత వేగముగా పరుగెత్తవలెనో చెప్పువారు మాత్రము లేకపోయిరి.

నిదానపు పరుగు చేయు మేలు

దూరపు పరుగునకు కావలసిన శక్తిలో అధిక భాగము గాలిలోని ప్రాణవాయువు సహాయముననే పుట్టును. ఊపిరితిత్తులు ప్రాణవాయువును గ్రహించును; గుండె దానిని రక్తము ద్వారా పంపును; కండరములు దానిని వినియోగించుకొనును. తేలికగా, చాలసేపు పరుగెత్తినపుడు ఈ మూడు అంచెల ఏర్పాటు క్రమక్రమముగా బలపడును. గుండె ఒక్కొక్క కొట్టుకు ఎక్కువ రక్తమును పంపగలుగును. కండరములలో వెండ్రుకలవంటి సన్నని రక్తనాళములు కొత్తగా ఏర్పడును. కండర కణములలో శక్తిని ఉత్పత్తి చేయు మైటోకాండ్రియా అను సూక్ష్మభాగములు వృద్ధియగును. శరీరములోని కొవ్వును ఇంధనముగా వాడుకొను అలవాటు పెరుగును.

ఇవన్నియు కాలము కోరు పనులు. చేనిలో విత్తిన గింజ మరునాడే వెన్ను వేయనట్లు, ఈ మార్పులును వారములమీద, నెలలమీద జరుగును. ప్రతిదినము పందెపు వేగముతో పరుగెత్తువాడు తగినంతసేపు పరుగెత్తలేడు. మరునాటికి అలసట తీరదు. కావున పునాది పడదు.

ఇంకొక విషయము కలదు. గుండె, కండరములు శీఘ్రముగా బలపడును. ఎముకలు, కండరమును ఎముకకు బిగించి యుంచు పట్టీలు అంతకంటె మెల్లగా బలపడును. ఎదుగుచున్న వయస్సులో ఎముకల కొనలయందు పెరుగుదల జరుగు మెత్తని భాగములు ఉండును. వేగము హెచ్చినకొలది పాదము నేలను తాకు దెబ్బయు హెచ్చును. “నాకు శక్తి యున్నది, ఇంకను వేగముగా పోగలను” అని గుండె చెప్పినను, ఎముక ఇంకను సిద్ధముగా లేదు. పైన చెప్పిన బాలుని విషయమున జరిగినది ఇదియే.

లోకానుభవము

ఈ మార్గమును లోకమునకు చూపినవారిలో న్యూజిలాండ్ దేశపు ఆర్థర్ లిడియార్డ్ ముఖ్యుడు. ఆయన ఆక్లండ్ నగరమున పాదరక్షల కర్మాగారములో పని చేసిన సామాన్యుడు. తనమీద తానే ప్రయోగములు చేసికొని, పందెముల కాలమునకు చాల ముందుగా నెలల తరబడి దూరపు పరుగుతో పునాది వేయవలెనని నిర్ణయించెను. అతి వేగపు అభ్యాసమును ఆ పునాది తరువాతనే ఉంచెను. 1960 సెప్టెంబరు 2వ తేదీన రోము ఒలింపిక్ క్రీడలలో ఆయన శిష్యుడు పీటర్ స్నెల్ 800 మీటర్ల పరుగులోను, అదే దినమున మరియొక శిష్యుడు మర్రే హాల్బర్గ్ 5,000 మీటర్ల పరుగులోను స్వర్ణ పతకములు గెలిచిరి. రెండు నిమిషములలోపున ముగియు పరుగునకు కూడ దూరపు పరుగే పునాదియని లోకము ఆశ్చర్యముతో తెలిసికొన్నది. జర్మనీలో ఎర్న్‌స్ట్ వాన్ ఆకెన్ అను వైద్యుడును నిదానముగా చాలసేపు పరుగెత్తుటయే మేలని బోధించెను. ఆయన శిష్యుడు హరాల్డ్ నార్పోత్ 1964 టోక్యో ఒలింపిక్ క్రీడలలో 5,000 మీటర్ల పరుగున రజత పతకము పొందెను.

ఇటీవలి కాలమున నార్వేలో పనిచేయుచున్న స్టీఫెన్ సైలర్ అను శాస్త్రజ్ఞుడు అగ్రశ్రేణి క్రీడాకారుల అభ్యాసమును పరిశీలించి, వారి అభ్యాస దినములలో సుమారు నూటికి 80 వంతులు తేలిక శ్రమతో గడచుచున్నవని తెలిపెను. అనగా అయిదు దినములు పరుగెత్తినచో నాలుగు దినములు తేలికగాను, ఒక్క దినము కష్టముగాను అన్నమాట. లిడియార్డ్ శిష్యులు వారమునకు 160 కిలోమీటర్ల వరకు పరుగెత్తిరని విని మన బాలురు అంత దూరమునకు ఎగబడరాదు. అది ఏండ్ల అభ్యాసము గల పెద్దల లెక్క. మనము గ్రహింపవలసినది దూరమును కాదు, ఓర్పును.

ఈ ఓర్పునకు మన ప్రాంతముననే ఒక నిదర్శనము కలదు. 2014 మే 25వ తేదీన మాలావత్ పూర్ణతో కలిసి ఎవరెస్టు శిఖరమును ఎక్కిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆనాటి ఖమ్మము జిల్లా చర్ల ప్రాంతపువాడు. అంత ఎత్తైన పర్వతమును ఎవ్వరును ఒక్క ఊపున ఎక్కరు. కొంత ఎక్కి, కొంత దిగి, ఆగి, శరీరమును పలుచని గాలికి అలవాటు చేసికొని, వారముల తరబడి మెల్లగా పైకి పోవుదురు. తొందరపడినవానిని పర్వతము వెనుకకు త్రిప్పును. దూరపు పరుగును అట్టిదే.

మన వేగమును కనుగొనుట ఎట్లు?

తేలిక పరుగునకు అందరికిని ఒకే వేగము లేదు. ఎవరి వేగము వారిదే. దానిని కనుగొనుటకు ఖరీదైన గడియారములు అవసరము లేదు. మూడు పద్ధతులు చెప్పెదము.

మొదటిది, మాట పరీక్ష. ప్రక్కన పరుగెత్తుచున్న మిత్రునితో పూర్తి వాక్యములు మాట్లాడగలుగుచుండవలెను. “నిన్న మా ఊరిలో వాన పడినది, చెరువులోకి నీరు వచ్చినది” అని ఆగకుండ చెప్పగలిగినచో వేగము సరిగా ఉన్నది. రెండు మూడు మాటలకు ఒకసారి ఊపిరి అందక ఆగవలసి వచ్చినచో వేగము ఎక్కువైనది, వెంటనే తగ్గింపవలెను. అన్నిటిలో నమ్మదగిన పరీక్ష ఇదియే.

రెండవది, నాడి పరీక్ష. పరుగు ఆపిన వెంటనే మణికట్టుపై గాని మెడప్రక్కన గాని వ్రేళ్ళు ఉంచి 10 సెకన్లు నాడిని లెక్కింపవలెను. పదునారేండ్ల ప్రాయమువానికి తేలిక పరుగున ఆ 10 సెకన్లలో ఇంచుమించు 21 నుండి 25 వరకు కొట్టుకొనుట తగును; అనగా నిమిషమునకు సుమారు 126 నుండి 150 వరకు. ఇది అందాజు లెక్క. మనిషికి మనిషికి తేడా ఉండును గనుక మాట పరీక్షకును నాడి పరీక్షకును పొత్తు కుదరనిచో మాట పరీక్షనే నమ్మవలెను.

మూడవది, గడియారపు లెక్క. 1,600 మీటర్లను మీరు మిక్కిలి వేగముగా ఎంతకాలములో పరుగెత్తగలరో చూచుకొని, అందులో కిలోమీటరునకు ఎంత పట్టినదో లెక్క కట్టుడు. దానికి ఒకటిన్నర మొదలు రెండున్నర నిమిషములు చేర్చినచో తేలిక పరుగు వేగము వచ్చును. కొత్తవారు రెండు, రెండున్నర నిమిషములు చేర్చుట క్షేమము. 1,600 మీటర్లను 7 నిమిషముల 15 సెకన్లలో ముగించువానికి కిలోమీటరునకు 4 నిమిషముల 32 సెకన్లు పట్టినట్లు. అతడు తేలిక దినమున కిలోమీటరును ఆరున్నర మొదలు ఏడు నిమిషములలో పరుగెత్తవలెను. 200 మీటర్ల చుట్టుగల పాఠశాల మైదానమున పందెపు వేగముతో చుట్టునకు 54 సెకన్లు పట్టును. తేలిక వేగముతో 78 మొదలు 84 సెకన్లు పట్టవలెను. బాట ప్రక్కన ఉన్న కిలోమీటరు రాళ్ళును లెక్కకు ఉపకరించును.

ఇంత మెల్లగానా యని మీకు అనిపింపవచ్చును. మొదటి వారములలో సిగ్గుగా కూడ ఉండును. నడకకంటె కొంచెము ఎక్కువ వేగముగా పోవుచున్నట్లు తోచును. ప్రక్కనుండి పోవువారు నవ్వుదురేమోనను శంక కలుగును. అయినను పరుగు ముగిసిన తరువాత “ఇంకను కొంతదూరము పోగలను” అనిపించినచో ఆనాటి పని సక్రమముగా జరిగినదని తెలిసికొనుడు. రెండు, మూడు నెలలు గడచునప్పటికి అదే శ్రమతో, అదే ఊపిరితో, అదే కిలోమీటరు తక్కువ కాలములో ముగియును. వేగమును మీరు వెంబడింపలేదు. వేగమే మీ యొద్దకు వచ్చినది.

ఎండ, ఎత్తు, అడవి

కొత్తగూడెము, భద్రాచలము ప్రాంతములలో వేసవి ఎండ ఎంత తీవ్రముగా ఉండునో చెప్పనక్కరలేదు. ఎండలో శరీరమును చల్లబరచుటకు రక్తములో కొంతభాగము చర్మమునకు పోవును. కండరములకు పోవునది తగ్గును. గుండె అదే పనికి ఎక్కువ సారులు కొట్టుకొనును. కావున చలికాలమున తేలికయైన వేగము వేసవిలో కష్టమగును. అట్టి దినములలో గడియారమును ప్రక్కనుంచి మాట పరీక్షనే అనుసరింపవలెను. ఎండకు శరీరము అలవాటుపడుటకు పది మొదలు పదునాలుగు దినములు పట్టును. సెలవులనుండి వచ్చిన బాలురను మొదటిదినముననే పూర్తి పరుగు పెట్టింపరాదు.

గుట్టలు ఎక్కునపుడు వేగము తగ్గుట సహజము. ఊపిరి బిగియుచున్నచో నడచుట తప్పుకాదు. దిగునపుడు ఎగిరి దూకుచు పోయినచో మోకాళ్ళకు దెబ్బ. అడవి బాటలలో చీకటి విడివక ముందు ఒంటరిగా పరుగెత్తరాదు. ఎలుగుబంట్లు తిరుగు చోట్లు ఈ ప్రాంతమున కలవు. వెలుగు వచ్చిన తరువాత ఇద్దరు ముగ్గురు కలిసి పోవుట మేలు. కలిసి పోయినపుడు మాట పరీక్షయు సులభమగును. గుంపులో అందరికంటె నెమ్మదిగా పోవువాడు తేలిక దినమున అందరికిని నాయకుడు కావలెను.

పరుగునకు ముందు నీరు త్రాగవలెను. పరుగు తరువాత ఉప్పు వేసిన గంజి గాని, అంబలి గాని, మజ్జిగ గాని త్రాగుట మంచిది. ఇప్పపూవు ఏరు దినములలోను, తునికాకు కోయు దినములలోను మన బాలబాలికలు అడవిలో గంటల తరబడి నడతురు, వంగుదురు, మోతురు. అదియును శ్రమయే. ఆ దినములలో పరుగును తగ్గించుట గాని, మానుట గాని చేయవలెను. జ్వరము వచ్చి తగ్గినవారు, విశేషించి మలేరియా నుండి కోలుకొన్నవారు, మొదట కొన్ని దినములు నడచి, వైద్యుని అడిగి, పిమ్మటనే పరుగు మొదలిడవలెను.

మరువరాని రక్తపరీక్ష

మన ఏజెన్సీ ప్రాంతములలో తప్పక తెలిసికొనవలసిన విషయమొకటి కలదు. సికిల్ సెల్ అను రక్తలక్షణము దేశములోని గిరిజన కుటుంబములలో ఎక్కువగా కానవచ్చుచున్నది. ఇది తల్లిదండ్రుల నుండి బిడ్డలకు సంక్రమించును, అంటువ్యాధి కాదు. తల్లి, తండ్రి ఇరువురినుండియు ఆ లక్షణము వచ్చినవారికి వ్యాధి కలుగును. ఒకరినుండి మాత్రమే వచ్చినవారు వాహకులు; వారు సాధారణముగా ఆరోగ్యముగానే ఉందురు, ఆటలును ఆడవచ్చును. అయితే వాహకుడు తీవ్రమైన ఎండలో, నీరు చాలక, విరామము లేకుండ ప్రాణము పెట్టి పరుగెత్తినపుడు ఎర్రరక్తకణములు కొడవలి ఆకారము దాల్చి, సన్నని రక్తనాళములకు అడ్డుపడి, అరుదుగా ప్రాణాపాయము కలుగవచ్చును.

ఇట్టివారికి మెల్లగా మొదలిడుట, తన వేగమును తానే నిర్ణయించుకొనుట, మధ్యమధ్య విశ్రాంతి తీసికొనుట, నీరు త్రాగుట రక్షణ కవచములు. పరుగెత్తుచున్న బాలుడు కాళ్ళలో సత్తువ లేదని చెప్పి కూలబడినచో, దానిని సోమరితనమని తలచి ఈల ఊది లేపరాదు. వెంటనే ఆపి, నీడకు చేర్చి, శరీరమును చల్లబరచి, ఆలస్యము లేకుండ ఆసుపత్రికి తీసికొని పోవలెను. వ్యాధి ఉన్నవారు వైద్యుని సలహా మేరకు మాత్రమే శ్రమ చేయవలెను.

కేంద్ర ప్రభుత్వము 2023 జులై 1వ తేదీన మధ్యప్రదేశ్ లోని షాడోల్ లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమమును ప్రారంభించినది. గిరిజనులు అధికముగా గల జిల్లాలలో 40 సంవత్సరముల వయస్సు వరకు గల 7 కోట్ల మందికి పరీక్షలు జరుపుట దాని ఉద్దేశము. పరుగు నేర్చు ప్రతి బాలుడును, ప్రతి బాలికయు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఈ పరీక్షను, దానితోపాటు రక్తహీనత పరీక్షను చేయించుకొనుట మంచిది. వాహకుడని తేలినంతమాత్రమున బిడ్డను ఆటకు దూరము చేయవలసిన పని లేదు. జాగ్రత్త తెలిసికొనుటయే ప్రయోజనము.

వారము ఎట్లు గడువవలెను?

కొన్ని నెలలుగా పరుగెత్తుచున్న పదునైదు, పదునారేండ్ల వారికి వారమునకు అయిదు దినముల పరుగు చాలును. మూడు దినములు 25 మొదలు 40 నిమిషముల తేలిక పరుగు. ఒక దినము 45 మొదలు 60 నిమిషముల తేలిక పరుగు. ఒక దినము మాత్రము వేగాభ్యాసము. ఉదాహరణకు 200 మీటర్లు ఆరుసార్లు, నడుమ నడుమ ఊపిరి కుదురుకొనువరకు నడక. తక్కిన రెండు దినములు విశ్రాంతి. కొత్తవారు మూడు దినములతోనే మొదలిడి, రెండు నిమిషములు పరుగు, ఒక నిమిషము నడకగా 20 నిమిషములు గడపవలెను. దూరమును పెంచు వారమున వేగమును పెంచరాదు.

ఎముకపై ఒకే చోట వ్రేలితో నొక్కిన నొప్పి కలిగినచో, నడచునపుడు కుంటు వచ్చినచో, పరుగు మాని వైద్యునికి చూపవలెను. బాలికలకు నెలసరి ఆగినచో, అది బలమునకు గుర్తు కాదు. తిండి చాలుటలేదనుటకు సూచన. తల్లులు దీనిని గమనింపవలెను. ఉపాధ్యాయులు ప్రతి పరుగును పందెముగా మార్చరాదు. తేలిక దినమున ముందు వచ్చినవానిని మెచ్చుకొనక, చెప్పిన వేగమును తప్పక నిలుపుకొన్నవానిని మెచ్చుకొన్నచో బాలురు త్వరలోనే నేర్చుకొందురు.

వేపచెట్టు నీడను కూర్చున్న ఆ బాలుని మరుసటి సంవత్సరము మరల చూచితిమి. ఉదయము ఇద్దరు తమ్ముళ్ళతో కబుర్లు చెప్పుకొనుచు, చెమట పట్టీ పట్టనట్లుగా మైదానమును చుట్టుచుండెను. ఆ యేటి పోటీలో అతడు నాలుగవవాడుగా వచ్చెను, పతకము రాలేదు. కాలు ఎట్లున్నదని అడిగితిమి.

“నొప్పి లేదు సార్. వచ్చే ఏడు కూడా ఉరుకుత” అనెను.

దూరపు పరుగున మొదట గెలువవలసినది ఇదియే. ఈ ఏడు పరుగెత్తినవాడు వచ్చు ఏడును పరుగెత్తగలుగవలెను. యువజనులారా, రేపు ఉదయము బాటపైకి పోవునపుడు ఒక మిత్రుని వెంట తీసికొని పొండు, మాట్లాడుచు పరుగెత్తుడు. మాట తెగినచోట వేగమును తగ్గింపుడు.